పెట్టె ఎంత మోస్తదో

మంట దగ్గరికి జరిగి కూసోండ్రి. చిన్నోడా, పొద్దటి సంది నువ్వు అడుగుతున్నది నాకు యాదికున్నది. మీ నాయన పక్కకు పెట్టిన సీపీయూల కొత్త గ్రాఫిక్స్ కార్డు ఎయ్యాలె, ఏది కొనాలె అని గద? చెప్త. గని నా దగ్గరికి వచ్చినోళ్ళకు ఎన్నడు గూడ ముందుగాల కార్డు పేరు చెప్పలె నేను. ముందుగాల పెట్టె మూత విప్పేది. ఎందుకో తెల్వాలంటె పాత ముచ్చట్లు వినాలె.

మా కాలంల కంప్యూటరు సామాను అంటె సికింద్రాబాదు పార్క్‌లేనే. ఆడ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉన్నది, సీటీసీ అంటె ఆటో నడిపెటోళ్ళకు గూడ ఎరుకే. ఆ బిల్డింగుల అసెంబ్లింగు పని చేసుకుంటనే నా ఈడంత గడిచింది. కరీంనగర్, సిద్దిపేట, మెదక్ దిక్కుల నుంచి వచ్చి జూబ్లీ బస్టాండుల దిగెటోళ్ళు. సీపీయూను దుప్పట్ల చుట్టి, బస్సు కుదుపుకు పాడయితదని తొవ్వంత ఒళ్ళె పెట్టుకుని వచ్చెటోళ్ళు. డీటీపీ సెంటరోళ్ళు, ఫొటో స్టూడియోలోళ్ళు, పెండ్లి వీడియోలు మిక్సింగు చేసెటోళ్ళు, నెట్ సెంటరు పెట్టుకున్న పోరగాండ్లు. అప్పు చేసి కొన్న మిషిన్లు అవి. పాతదైందని పారేసే ముచ్చటే లేకుండె. ఒక ఏడు ర్యామ్ పెంచుకునేది, ఇంకో ఏడు హార్డ్ డిస్కు మార్చుకునేది, చేతిల పైసలు ఆడినప్పుడు కార్డు ఏయించుకునేది. ఉన్న పెట్టెనే ఇంకో మూడు నాలుగేండ్లు నడిచేటట్టు చేసి పంపుడంటె మాకు ఇజ్జత్ ఉన్న పని. ఇప్పటికి గూడ నాకు ఆ పని మీద ప్రేమ పోలె.

మూత విప్పినంక ముందుగాల చూసేది స్లాట్లు. నల్లగ పొడుగ్గ ఉంటె ఐఎస్ఏ, అది బాగ పాతది. తెల్లగ, దానికంటె పొట్టిగ ఉంటె పీసీఐ. వాటికి పైన, ప్రాసెసరు దిక్కు, జర లోపలికి జరిగి గోధుమ రంగుల ఒక్కటే ఉంటె అది ఏజీపీ. పీసీఐ అంటె వాడకంత ఒకటే నల్లా ఉన్నట్టు. సౌండు కార్డు, మోడెము, లాన్ కార్డు, గ్రాఫిక్స్ కార్డు అన్ని కలిసి సెకండుకు 133 మెగాబైట్లనే పంచుకోవాలె. 1997ల ఏజీపీ బోర్డులు వచ్చినంక గ్రాఫిక్స్ కార్డుకు సొంత నల్లా దొరికింది. మొదటి రకమే 266 మెగాబైట్లు. 2ఎక్స్, 4ఎక్స్ దాటి 8ఎక్స్ వచ్చేసరికి 2,133కు పోయింది.

అంతకంటె ముందు, 1996ల, త్రీడీఎఫ్ఎక్స్ కంపెనీ వూడూ అని ఒక కార్డు తెచ్చింది. దాని తీరే వేరు. అది త్రీడీ ఆటలు మాత్రమే చూపెడతది. మామూలు డిస్‌ప్లేకు ఇంకో కార్డు ఉండాల్సిందే. ఆ కార్డు నుంచి ఒక చిన్న కేబులు వూడూలకు, వూడూ నుంచి మానిటరుకు. మా దిక్కు అది కొన్నోళ్ళు తక్కువ. నాలుగేండ్లకే, 2000 ఆఖరుకు, ఆ కంపెనీ ఆస్తులను ఎన్విడియా కొనుక్కున్నది.

ఆ కట్టె జర లోపలికి తొయ్యి బిడ్డా, పొగ ఇటు కొడుతున్నది.

ఏజీపీ వచ్చింది గని, అందరి బోర్డుల రాలె. అసలు తిప్పలు ఆడనే. 1999ల ఇంటెల్ 810 అని ఒక చిప్‌సెట్టు తెచ్చింది. డిస్‌ప్లే బోర్డులనే ఉంటది, ధర తక్కువ, ఏజీపీ స్లాటు మాత్రం ఉండది. పెంటియం 4 కాలంల వచ్చిన 845జీఎల్, 845జీవీ, 865జీవీ గూడ అంతే. ఉత్త 845జీ అయితె స్లాటు ఉంటది, ఎనుక ఎల్ గని వీ గని తగిలిందంటె ఉండది. కొనేటప్పుడు ఆ ఒక్క అక్షరాన్ని ఎవరు చూస్తరు? భువనగిరి దిక్కు నుంచి ఒక సారు వచ్చిండు, బడి పంతులు. కొడుకు వైస్ సిటీ ఆట ఆడుతనని పట్టువట్టిండట, కార్డుకు పైసలు జమ చేసి తెచ్చిండు. మూత విప్పి చూస్తె 845జీవీ. ఆయన మొఖం చిన్నబోయింది. దుకాణంల పీసీఐ కార్డు ఉండె, ఇచ్చి పంపొచ్చు. నేను ఇయ్యలె. ఆన్‌బోర్డు డిస్‌ప్లే వాడుకునే మెమొరీ మన ర్యామ్‌ల నుంచే పోతది. అందుకని ఆ పైసలల్ల సగంతోని ర్యామ్ పెంచి, బయాస్‌ల డిస్‌ప్లే వాటా పెంచి పంపిన. రిజల్యూషను తగ్గించి పెట్టుకుంటె ఆట నడిచింది. మిగిలిన సగం సారు జేబులనే ఉన్నది. గిరాకీ పోయిందని మా సేటు గులిగిండు గని, ఆ సారు తర్వాత వాళ్ళ బడికి కంప్యూటర్లు కొనేటందుకు సక్కగ మా దగ్గరికే వచ్చిండు.

స్లాటు ఉంటె సరిపోయిందా అంటె, లేదు. ఏజీపీల ఓల్టులు వేరు వేరు. మొదటి కార్డులకు 3.3 ఓల్టులు, తర్వాతటి వాటికి 1.5. కార్డు కింద గాట్లు అందుకే పెట్టిండ్రు, తప్పు కార్డు స్లాటుల దిగొద్దని. గని కొన్ని పాత కార్డులకు గాట్లు రెండు దిక్కులున్నా, లోపల పని చేసేది 3.3 మీదనే. ఇంటెల్ 845 బోర్డు 1.5 తప్ప ఇంకోటి తీసుకోది. అసొంటి కార్డు దాంట్ల దించి స్విచ్చి ఏసినవంటె చిప్‌సెట్టే కాలుతది. కార్డు పోతె కార్డే పోతది, చిప్‌సెట్టు పోతె బోర్డే పోతది. అందుకే సెకండ్‌హ్యాండ్ కార్డు ఎవరు తెచ్చినా, మోడలు నెంబరు చూడకుంట స్లాటుల పెట్టొద్దని మా దగ్గర కట్టుదిట్టం.

ఇగ పేర్లు. డబ్బా మీద పేరు చూసి ఎన్నడు మోసపోవద్దు. 2002ల ఎన్విడియా జీఫోర్స్ 4 పేరు మీద రెండు రకాలు తెచ్చింది, టీఐ ఒకటి, ఎంఎక్స్ ఒకటి. మన దిక్కు ఎంఎక్స్ 440 మస్తుగ అమ్ముడుపోయింది, ధర అందుబాటుల ఉండె. పేరుల 4 ఉన్నది గని లోపల జీఫోర్స్ 2 వంశమే, పిక్సెల్ షేడర్లు లేవు. 2003ల ప్రిన్స్ ఆఫ్ పర్షియా శాండ్స్ ఆఫ్ టైమ్ అని ఒక ఆట వచ్చింది. అది జీఫోర్స్ 3ను ఒప్పుకుంటది, 4 ఎంఎక్స్‌ను ఒప్పుకోది. ఇంటర్ పోరగాండ్లకు ఇది సమజ్ చెయ్యాలంటె గంట పట్టేది.

మెమొరీ గూడ అట్లనే. ఎన్ని మెగాబైట్లు అని అందరు అడుగుతరు, ఎంత ఎడల్పు దారి అని ఎవ్వరు అడగరు. 64 బిట్ల కార్డుకు ఎంత మెమొరీ అతికిచ్చినా అది 128 బిట్ల కార్డుతోని ఉరకలేదు. ఇది పాత రోగమే అనుకోకు. మొన్న మొన్నటి జీటీ 1030 చూడు. జీడీడీఆర్5 ఉన్నదాంట్ల సెకండుకు 48 గిగాబైట్లు పోతయి. 2018ల అదే పేరు మీద డీడీఆర్4 పెట్టి తెచ్చిండ్రు, దాంట్ల 16.8 మాత్రమే. అంటె మూడో వంతు. అదే పేరు మీద ఇంత తేడా ఉన్న సరుకు అమ్ముడు నాకు ఎన్నడు నచ్చలె. పల్లె నుంచి వచ్చినోడు ఆ తేడా ఎట్ల కనిపెడతడు?

2004ల పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఏజీపీ బోర్డులున్నోళ్ళంత ఒడ్డున మిగిలిండ్రు. కంపెనీలు ఒక బ్రిడ్జి చిప్పు పెట్టి కొత్త కార్డులను ఏజీపీకి గూడ పనికొచ్చేటట్టు చేసినయి. 6600 జీటీ అట్లనే వచ్చింది, 2008ల హెచ్‌డీ 3850 గూడ వచ్చింది. మంచి కార్డులు. అయినా నేను అంతగనం చెప్పకపోయేది. ఏజీపీ కాలపు ప్రాసెసరు 3850 కార్డుకు పని అందియ్యలేదు. అట్ల ఖర్చు పెట్టుడుకంటె బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మూడు మార్చి, క్యాబినెట్టు, డిస్కులు పాతయే ఉంచుడు నయం.

స్లాటు కంటె పెద్ద ముచ్చట ఎస్ఎంపీఎస్, అదే పెట్టెకు కరెంటు అందిచ్చే డబ్బా. ఇది చెవు పెట్టి విను. పాత పెట్టెలల్ల కార్డు పని చెయ్యలేదంటె మేము ముందుగాల అనుమానపడేది దాన్నే. పేరు లేని ఎస్ఎంపీఎస్‌లు మస్తుగ వచ్చేటియి. మీద 450 వాట్లు అని పెద్దక్షరాలల్ల ఉండేది, చేతిల పట్టుకుంటె బరువే ఉండకపోయేది. ఆ పెద్దక్షరాలు చూడొద్దు, కింద చిన్నగ ఉన్న 12 ఓల్టుల గీత చూడాలె. ప్రాసెసరు, కార్డు రెండు దాని మీదనే బతుకుతయి. ఆడ 14 ఆంపులు అని ఉన్నదనుకో, పన్నెండుతోని గుణిస్తె 168 వాట్లు. అంతే నీ చేతిల ఉన్నది.

సిద్దిపేటల ఆటల సెంటరు పెట్టుకున్న ఒక పిల్లగాడు కోర్ 2 డ్యూయో పెట్టె తెచ్చి, 8800 జీటీ ఎయ్యమన్నడు. 2007ల వచ్చిన గట్టి కార్డు అది. సరిగ్గ అసొంటి ఎస్ఎంపీఎస్సే ఉన్నది దాంట్ల, 14 ఆంపులది. వాన్ని పక్కన కూసోబెట్టి కాగితం మీద రాసి చూపెట్టిన. ప్రాసెసరుకు 65 వాట్లు, కార్డుకు 105. కలిపితె 170. ఇంక ఫ్యాన్లు, హార్డ్ డిస్కు, సీడీ డ్రైవు లెక్కలకే రాలె. వాడు కాగితం దిక్కు చాన సేపు చూసిండు. హార్డ్ డిస్కు తీగకు జాయింటు పెట్టి ఆరు పిన్నుల పవరు ఇయ్యొచ్చు గద అన్నడు. ఇయ్యొచ్చు, అట్ల ఇచ్చినోళ్ళ పెట్టెలల్ల ఆ ప్లాస్టిక్కు కరిగి నల్లగైనది గూడ చూసిన. స్లాటు నుంచి కార్డుకు వచ్చేది 75 వాట్లు. ఆరు పిన్నుల తీగ ఇంకో 75, ఎనిమిది పిన్నులదైతె 150. అంత కరెంటు సన్న తీగల గుంజితె అది ఏడెక్కకుంట ఎట్లుంటది? వాడు కార్డు ఆపుకుని ముందుగాల మంచి ఎస్ఎంపీఎస్ కొన్నడు, సంక్రాంతి దాటినంక కార్డుకు వచ్చిండు. ఆ కార్డు చాన ఏండ్లు నడిచింది.

ఏసే పని చిన్నదే. ప్లగ్గు పీకాలె, క్యాబినెట్టు ఇనుము ముట్టుకోవాలె, ఒంటి మీది స్టాటిక్ దిగిపోతది. చలికాలం, ఉన్ని స్వెట్టరు ఏసుకుని ఉన్నప్పుడు ఇది మరువొద్దు. పాత డ్రైవరు తీసెయ్యాలె. కార్డు బంగారు పండ్లు నల్లబడితె పెన్సిలు రబ్బరుతోని మెల్లగ రుద్ది, బ్రష్షుతోని దులపాలె. స్లాటు కొసన లాకు టక్కుమనేదాక నొక్కి, స్క్రూ బిగియ్యాలె. ఆన్ చేస్తె కొన్ని బోర్డులల్ల ఒక పొడుగు బీపు, రెండు పొట్టి బీపులు వచ్చేటియి. డిస్‌ప్లే కార్డు సరిగ్గ కూసోలేదని అర్థం. ఇంకో మాట, బోర్డు మీది కెపాసిటర్లు చూడాలె. 2000 తర్వాత కొన్నేండ్లు వచ్చిన బోర్డులల్ల అవి మస్తుగ ఉబ్బిపోయేటియి. కోఠి గుజరాతీ గల్లీల కొత్తయి తెచ్చి టంకం పెట్టెటోళ్ళం. అది చెయ్యకుంట కార్డు ఏస్తె వారానికే తిరిగొస్తది.

ఇగ నీ పెట్టె. ఆఫీసులల్ల వాడి అమ్మిన బ్రాండు టవరు, థర్డ్ జనరేషన్ ఐ5. మంచి మిషిను అది. గని దాని ఎస్ఎంపీఎస్ 300 వాట్లకు లోపలనే ఉంటది, ఆరు పిన్నుల తీగ ఉండది. అందుకని స్లాటు పవరు మీదనే నడిచే కార్డు చూడాలె. జీటీఎక్స్ 750 టీఐ, 2014ల వచ్చింది, 60 వాట్లు. నాకు చాన ఇష్టమైన కార్డు, దాంతోని ఎన్నో ఆఫీసు పెట్టెలు ఆటల పెట్టెలైనయి. ఇప్పుడు ముసలిదైంది. జీటీఎక్స్ 1650 75 వాట్లది, పవరు తీగ అక్కరలేని రకాలున్నయి, పెట్టె ఒప్పుకుంటె అదే తీసుకో. ఆర్ఎక్స్ 6400 అని దోస్తులు చెప్తరు. అది 53 వాట్లే గని, పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగు దారులనే వాడుకుంటది. కొత్త బోర్డుల ఫరక్ తెల్వది, పాత బోర్డుల నష్టపోతవు. నువ్వు వీడియోలు చేస్తనంటున్నవు గద, దాంట్ల వీడియో ఎన్‌కోడరు గూడ లేదు.

సెకండ్‌హ్యాండ్‌ది కొంటె అడిగి కొను. 2022 సెప్టెంబరుల ఇథీరియం మైనింగు ఆగిపోయినంక రాత్రి పగలు నడిచిన కార్డులు కుప్పలుగ బయటికొచ్చినయి. అన్ని చెడ్డయి కావు. ఫ్యాను తిప్పి చూసి, దుకాణంలనే గంట సేపు నడిపిచ్చినంకనే పైసలియ్యి.

పాత బయాస్ బోర్డులల్ల కొన్నిటికి కొత్త కార్డు పడది. కార్డు మంచిదే, బోర్డు మంచిదే, డిస్‌ప్లే రాది. బ్రాండు పెట్టెలల్ల ఇది ఎక్కువ. కాబట్టి కార్డు పెట్టకముందే బయాస్ అప్‌డేట్ చేసి పెడదాం. నీకు ఆటల కంటె సదువు పనే ఎక్కువంటె, ముందు ఎస్ఎస్‌డీ ఏయించుకో, పెట్టెకు పానం లేసొస్తది. కార్డు తర్వాతనైనా వస్తది.

మానిటరు సంగతి ఎవ్వరు చెప్పరు. మీ నాయనది నీలం పిన్నుల వీజీఏ మానిటరు. జీటీఎక్స్ 1000 సిరీస్ సంది ఆ అనలాగ్ సిగ్నలే కార్డులకెళ్ళి రాది. 1650 తెస్తె లోపల చిప్పు ఉన్న కన్వర్టరు కొనాలె, ఉత్త పిన్ను మార్చేది పనికిరాది. ఆ ఖర్చు గూడ లెక్కల రాసుకో.

రేపు పొద్దుగాల పెట్టె ఎండల పెట్టి దుమ్ము ఊదు. పక్క మూత విప్పి, ఎస్ఎంపీఎస్ మీది స్టిక్కరు ఫొటో తీసుకరా. 12 ఓల్టుల గీత సాఫుగ కనపడాలె. ఎంత పొడుగు కార్డు పడుతదో టేపు పెట్టి కొలువు, హార్డ్ డిస్కు పంజరం అడ్డమొస్తదో ఏమో చూడు. కార్డు పేరు ఆ తర్వాత ఖాయం చేద్దాం.