డాషండ్

డాషండ్ జర్మనీ దేశానికి చెందిన ఒక వేటకుక్క జాతి. పొట్టి కాళ్ళు, పొడవైన నడుము, వేలాడే చెవులు, లోతైన ఛాతీ దీని ముఖ్య లక్షణాలు. జర్మన్ భాషలో 'డాక్స్' అనగా బాడ్జర్ అనే బొరియజంతువు, 'హుండ్' అనగా కుక్క. ఈ రెండు పదాల కలయికతో దీనికి ఈ పేరు వచ్చినది. భారతదేశంలో దీనిని డాష్‌హౌండ్ అని కూడా పిలుస్తారు. జర్మనీలో మాత్రం డాకెల్, టెకెల్ అనే పేర్లు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. చిన్న ఆకారం, గట్టి పట్టుదల కలిగిన ఈ కుక్కను ఇంటిలో పెంచడం తేలికగానే కనిపించును. కాని ఆరుబయట దీని రక్షణకు ప్రత్యేక శ్రద్ధ అవసరం.

చరిత్ర

బాడ్జర్లు నేలలో లోతైన బొరియలు త్రవ్వుకొని జీవిస్తాయి. వాటిని బొరియలోనికి వెళ్ళి ఎదుర్కొనుటకు జర్మనీ వేటగాళ్ళు ఈ జాతిని అభివృద్ధి చేశారు. 1885లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించినది. 1888లో జర్మనీలో డాయిషర్ టెకెల్‌క్లబ్ ఏర్పడినది. అంతర్జాతీయ శునక సమాఖ్య (ఎఫ్.సి.ఐ.) తన వర్గీకరణలో నాలుగవ వర్గాన్ని పూర్తిగా ఈ ఒక్క జాతికే కేటాయించినది.

శరీర లక్షణాలు

రోమాలను బట్టి ఇందులో మూడు రకాలు కలవు: నున్నని పొట్టి రోమాలు గలవి, గరుకు రోమాలు గలవి, పొడవు రోమాలు గలవి. పరిమాణాన్ని బట్టి సాధారణ, చిన్న రకాలు ఉన్నాయి. జర్మనీలో కుందేళ్ళ వేటకు పనికివచ్చే ఇంకా చిన్న రకం కూడా ఉన్నది. అక్కడ పరిమాణాన్ని బరువుతో గాక ఛాతీ చుట్టుకొలతతో నిర్ణయిస్తారు. చిన్న రకం కుక్కలు సుమారు 5 కిలోలు తూగుతాయి.

స్వభావం

బొరియలో చీకటిలో ఉన్న కుక్కకు యజమాని ఆజ్ఞలు అందవు. ముందుకు పోవాలా, వెనుదిరగాలా అనేది అది స్వయంగా నిర్ణయించుకోవాలి. పైనున్న వేటగాళ్ళకు తానున్న చోటు తెలియుటకు గట్టిగా మొరగాలి. ఈనాడు మొండితనంగా కనిపించే గుణాలు, అనగా పిలిచినా రాకపోవడం, నేల త్రవ్వడం, వాసన వెంట పరుగెత్తడం, ఆకారానికి మించిన మొరుగు, ఆ వృత్తి నుండి వచ్చినవే. 2008లో ప్రచురితమైన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకుల అధ్యయనంలో, యజమానుల సమాధానాల ఆధారంగా, అపరిచితుల పట్ల, ఇతర కుక్కల పట్ల ఎక్కువ దుడుకుతనం చూపే జాతులలో డాషండ్ ఒకటిగా తేలినది. దండించడం వలన ఈ స్వభావం మారదు. చిన్న చిన్న పాఠాలు, మాట విన్న వెంటనే తినుబండారం, ఇంటిలో అందరూ ఒకే నియమం పాటించడం మంచి ఫలితాన్నిస్తాయి.

నడుము వ్యాధి

డాషండ్ పొట్టి కాళ్ళకు కారణం ఒక జన్యు మార్పు అని 2009లో కనుగొన్నారు. దీనికి సంబంధించిన మరొక మార్పు వెన్నుపూసల మధ్యనున్న బిళ్ళలు (డిస్కులు) చిన్న వయసులోనే గట్టిపడుటకు కారణమని 2017లో వెల్లడైనది. అట్టి బిళ్ళ పగిలి వెన్నుపామును నొక్కినప్పుడు వెనుక కాళ్ళు చచ్చుబడవచ్చు. సుమారు నాలుగింట లేక ఐదింట ఒక డాషండ్‌కు జీవితకాలంలో ఈ వ్యాధి లక్షణాలు కనిపిస్తాయి. నడుము వంచి నిలబడడం, ఎత్తుకుంటే అరవడం, నడకలో తూలడం తొలి సూచనలు. కాళ్ళు పడిపోయిన కుక్కను కదలనీయక, అదే రోజు పశువైద్యుని వద్దకు చేర్చాలి. ఆలస్యమైన కొద్దీ తిరిగి నడిచే అవకాశం తగ్గుతుంది.

ఈ కుక్కను ముందు కాళ్ళు పట్టి ఎత్తరాదు. ఒక చేయి ఛాతీ క్రింద, మరొక చేయి వెనుక భాగం క్రింద ఉంచి, నడుము సమంగా ఉండునట్లు ఎత్తాలి. మంచాలు, మెట్లపై నుండి దూకనీయరాదు. బరువు పెరగనీయరాదు.

ఆరుబయట జాగ్రత్తలు

* రహదారి ప్రక్కన గొలుసు లేక తాడు లేకుండా వదలరాదు. పిల్లినో ఉడుతనో చూచి పరుగు తీసిన డాషండ్ వాహనాన్ని గమనించదు.
* మెడపట్టీ కంటె ఛాతీ చుట్టూ కట్టే పట్టీ (హార్నెస్) మేలు. లాగినప్పుడు మెడపై భారం పడదు.
* ప్రహరీ, గేటు క్రింది సందులను మూసివేయాలి. ఇది గేటును దూకలేకపోయినా, క్రింద మట్టి త్రవ్వి బయటపడగలదు.
* తెలుగు ప్రాంతాలలో వేసవిలో తెల్లవారుజామున, ప్రొద్దుగ్రుంకిన తరువాత మాత్రమే నడిపించాలి. దీని పొట్ట నేలకు దగ్గరగా ఉండుటచేత తారురోడ్డు వేడి త్వరగా సోకుతుంది. అరచేయి ఆనించి ఓర్చుకోలేకపోతే కుక్కను నడిపించరాదు. ఎండలో నిలిపిన కారులో కొద్దిసేపయినా వదలరాదు.
* పొదలలో, కన్నములలో ముక్కు దూర్చే అలవాటు వలన నాగుపాము, రక్తపింజర కాట్లకు గురికావచ్చు. కాటు అనుమానం కలిగితే నాటు వైద్యంతో కాలయాపన చేయరాదు.
* వీధికుక్కలు ఎదురైనప్పుడు డాషండ్ తానే ముందుగా కవ్వించవచ్చు. దూరం నుండే దారి మార్చడం ఉత్తమం.
* రేబిస్ టీకా సకాలంలో వేయించాలి. కుక్క కరచిన మనిషి గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే వైద్యుని సంప్రదించాలి.
* నడక తరువాత చెవులు, వ్రేళ్ళ సందులలో గోమార్ల కొరకు వెదకాలి. అవి రక్తానికి సంబంధించిన వ్యాధులను వ్యాపింపజేస్తాయి.

తప్పిపోయినప్పుడు

భయపడిన కుక్క యజమానిని కూడా గుర్తించక పారిపోవచ్చు. వెంబడిస్తే మరింత దూరం పోవును. నేలపై కూర్చొని మెల్లగా పిలవడం, ఇంటివారి వాసన గల వస్త్రాన్ని, ఆహారాన్ని చివరిసారి కనిపించిన చోట ఉంచడం మేలు. 2023 నవంబరులో ఆస్ట్రేలియాలోని కంగారూ ద్వీపంలో వలెరీ అనే చిన్న రకం డాషండ్ విడిది నుండి తప్పించుకొన్నది. 529 రోజుల తరువాత, 2025 ఏప్రిల్‌లో, స్వచ్ఛంద కార్యకర్తలు బోనుతో దానిని సజీవంగా పట్టుకొన్నారు. యజమానురాలి వాసన గల వస్త్రపు ముక్కలను ఎరగా ఉపయోగించారు. ఇట్టి అదృష్టం అరుదు. కనుక ఫోను నంబరు గల బిళ్ళ, చర్మం క్రింద అమర్చే మైక్రోచిప్ ముందే ఏర్పాటు చేయడం అవసరం.

విశేషాలు

* 1972 మ్యూనిచ్ ఒలింపిక్స్ చిహ్నమైన 'వాల్డీ' ఒక డాషండ్. వేసవి ఒలింపిక్స్‌కు ఇదే మొదటి అధికారిక చిహ్నం. ఆ క్రీడలలో మారథాన్ మార్గాన్ని ఈ కుక్క ఆకారంలో రూపొందించారు.
* మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీపై వ్యతిరేకత వలన అమెరికాలో దీనిని 'లిబర్టీ హౌండ్' అని పిలిచిన సందర్భాలు కలవు.