గాలం సన్నబడ్డ కథ: మన వెదురు, మగ్గం కండె, చెరువు కొర్రమట్ట



ఈ నడుమ మన పిల్లల చేతుల్ల కొత్త రకం గాలాలు కనపడుతున్నయి. ఆరడుగుల నల్లటి సన్న కట్టె, దాని కింద వేలాడే రీలు, వెంట్రుక లెక్క తంగూసు. అమెరికాల ఉన్న మనోళ్లు స్మాల్‌మౌత్ బాస్ అనే చేపను గసొంటి గాలంతో పట్టి వీడియోలు పంపుతరు. అది చూసి ఇక్కడోళ్లు అదే గాలం తెప్పించి, తామర నిండిన చెరువుల కొర్రమట్ట మీద వేస్తరు. తంగూసు తెగుతది. ముల్లు చేప నోట్లనే పోతది. "సన్న గాలం ఉత్త షోకు" అని పెద్దోళ్లు అంటరు. "చెరువే బాగలేదు" అని పిల్లలంటరు. రెండూ సరైన మాటలు కావు. సన్న గాలానికి ఒక చరిత్ర ఉన్నది. అది తెలిస్తే ఏ నీళ్లకు ఏ గాలమో మీకే అర్థమైతది.

ముందు మన గడ్డ నుంచే మొదలుపెడదాం. తొమ్మిది వందల ఏండ్ల కింద మన పాలమూరు, నల్లగొండ ప్రాంతం కళ్యాణి చాళుక్యుల కింద ఉండేది. వాళ్ల సామంతులు కందూరు చోడులు పానగల్లు నుంచి ఏలిండ్రు. నల్లగొండ పక్కన ఉన్న ఉదయసముద్రం ఆ కాలపు చెరువే. ఇప్పుడు దానికి మాధవరెడ్డి ప్రాజెక్టు కింద కృష్ణా నీళ్లు వస్తున్నయి. ఆ చాళుక్య రాజుల్లో మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో 'మానసోల్లాసం' అని సంస్కృతంలో ఒక పెద్ద గ్రంథం రాయించిండు. పాలన, వంట, వైద్యం, ఏనుగులు, ఆటలు అన్నీ అందులో ఉన్నయి. 'మత్స్యవినోదం' అని గాలం ఆట మీద ప్రత్యేకంగా ఒక భాగమే ఉన్నది. ఏయే రకాల చేపలుంటయి, ఏది ఏం తింటది, దాన్ని ఎట్ల పట్టాలె అని వివరించిండ్రు. గాలం చెప్పే ముందు చేప తిండి చెప్పిండ్రు చూడండి, అసలు పాఠం అదే. చేపను బట్టి గాలం గాని, గాలాన్ని బట్టి చేప కాదు.

మన ఊర్ల పాత గాలం కూడా ఆ లెక్కనే ఉండేది. పరకలకు సన్న వెదురు పుల్ల, సన్న దారం, జొన్నకట్టె బెండు, చిన్న ముల్లుకు ఎర్ర ముక్క. కొర్రమట్టకైతే గట్టి కట్టె, లావు దారం, పెద్ద ముల్లుకు కప్ప. తేలిక గాలం, బరువు గాలం అనే పేర్లు లేకున్నా తేడా మన తాతలకు తెలుసు. కాకపోతే వాళ్లకు రీలు లేదు. కట్టె ఎంత పొడుగుంటే అంత దూరమే ముల్లు పడేది.

ఇంగ్లీషోళ్ల కాలంల మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ ఇండియాల గాలం వేసుడు మీద 1873లో ఒక పుస్తకం రాసిండు. తర్వాత 1887లో చెరువుల గాలం మీదే ఇంకో పుస్తకం తెచ్చిండు. నదుల పెద్ద చేప కోసం దూరం పోయే తీరిక లేనోళ్లకు పక్కనున్న చెరువు చాలని ఆయనకు తెలుసు. దక్షిణాది అంతా చెరువులే కదా.

అదే వందేండ్లలో మన దేశపు వెదురు సముద్రం దాటింది. 1840ల్లో అమెరికాల పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఈస్టన్ అనే ఊర్ల, శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల మేస్త్రి ఉండేవాడు. ఫిడేళ్లు కూడా చేసేవాడు. ఆయన వెదురును నిలువునా చీల్చి, బద్దలను చెక్కి, మళ్లీ జిగురుతో అతికి గాలం కట్టె చేసిండు. ఆ తొలి కట్టెలకు వాడింది ఇక్కడి నుంచి పోయిన వెదురే. అక్కడోళ్లు దాన్ని 'కలకత్తా వెదురు' అన్నరు. వెదురు బలం పైపొరల ఉంటదని బుట్టలల్లే మేదరి అన్నలకు ఎప్పటి నుంచో తెలుసు. పైపొర బద్దలను మాత్రమే అతికితే కట్టె సన్నగైతది, బరువు తగ్గుతది, వంగి మళ్లీ నిటారుగ లేస్తది.

ఇగ ఆ స్మాల్‌మౌత్ బాస్ సంగతి. అది ఉత్తర అమెరికా చేప. చల్లటి తేట నీళ్లు, రాళ్లు, గులకరాళ్లు ఉన్న తావుల ఉంటది. సాధారణంగా అర కిలో నుంచి రెండు కిలోలు తూగుతది. ఇప్పటికీ నిలిచిన రికార్డు చేప 1955లో డేల్ హాలో అనే జలాశయంలో దొరికింది, దగ్గర దగ్గర 5.4 కిలోలు. సైజు చిన్నదే గాని గుంజుడు గట్టిది, నీళ్ల మీదికి ఎగురుతది. 1881లో జేమ్స్ హెన్షల్ అనే డాక్టరు బాస్ చేపల మీద పెద్ద పుస్తకం రాసి, పొడుగు మోకు కట్టెలు ఎందుకు, ఎనిమిదడుగుల పైచిలుకు తేలిక కట్టె చాలు అని వాదించిండు. తేట నీళ్లల్ల లావు దారం చేపకు కనపడతది. రాళ్ల నడుమ గడ్డి తక్కువ కాబట్టి చేప ఉరికినా దారం చిక్కుపడదు. అందుకని అక్కడ సన్న గాలం పనికొచ్చింది.

అయినా ఒక ఇబ్బంది మిగిలింది. పాత రీలుల దారం చుట్టిన డ్రమ్ము గిర్రున తిరిగితేనే దారం బయటికొస్తది. తేలిక ఎర ఆ డ్రమ్మును తిప్పలేదు. సీసం కడితే బరువైతది, చేప బెదురుతది. ఈ ముడి విప్పింది చేపల మనిషి కాదు, బట్టల మనిషి. ఇంగ్లాండుల బ్రాడ్‌ఫర్డ్ ఊర్ల ఉన్ని మిల్లుల యజమాని ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో కొత్త రీలుకు పేటెంటు తీసుకున్నడు. మిల్లుల కండె కదలకుండనే దాని కొస మీద నుంచి పోగు జారి వస్తది. అదే ఉపాయం రీలుకు పెట్టిండు. మన పోచంపల్లి, నారాయణపేట, గద్వాల మగ్గాల కాడ కండెను చూసినోళ్లకు ఇది వెంటనే తెలుస్తది. డ్రమ్ము తిరిగే పని లేదు కాబట్టి నాలుగైదు గ్రాముల ఎర కూడా దూరం పోతది. ఇయ్యాల మన పిల్లల చేతిల కట్టె కింద వేలాడేది ఆ రీలు వంశమే.

ఆ తర్వాత దారం మారింది. 1930ల్లో అమెరికాల డ్యూపాంట్ కంపెనీల వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ కనిపెట్టింది. పట్టు దారాన్ని వాడినంక ఆరబెట్టకుంటే కుళ్లేది. తంగూసుకు ఆ బాధ లేదు. 1970ల మొదట్ల కార్బన్ కట్టెలొచ్చినయి. దాంతో కట్టె, దారం, రీలు మూడూ తేలికైనయి.

మన దిక్కు నీళ్లు కూడా అప్పుడే మారినయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాది పడ్డది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లిడిసిండ్రు. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి సూదిమందుతో చేపలను గుడ్లు పెట్టించుడు సాధించిండు. దాంతో బొచ్చె, రవ్వ పిల్లలు ఊరూరి చెరువుకు చేరే దారి పడ్డది. 1952లో దేశంలకు వచ్చిన జిలేబి చేప కూడా పాకింది. ఇట్ల చెరువు ఒకటే అయినా అందుల ఉండే చేపలు రకరకాలైనయి.

ఈ చరిత్ర నుంచి మనం తీసుకోవాల్సిన లెక్క ఇది.

రాళ్లు తేలిన చోట, అలుగు కింద మడుగులో, గడ్డి లేని తేట నీళ్లల్ల పరకలకు, జిలేబికి, చిన్న బంగారుతీగకు సన్న గాలం బాగుంటది. ఆరడుగుల కట్టె, చిన్న రీలు, రెండు మూడు కిలోల బలమున్న తంగూసు, చిన్న ముల్లు చాలు.

రీలుకు బ్రేకు లెక్క ఒక మర ఉంటది. చేప గట్టిగ గుంజితే అది జారి దారం ఇడుస్తది, ట్రాక్టరు క్లచ్చు లెక్క. సన్న గాలం బలమంతా ఆ జారుట్లనే ఉన్నది. దారం బలంల నాలుగో వంతు దగ్గర జారేటట్టు బిగించాలె. రెండు కిలోల తంగూసైతే అర కిలో. స్ప్రింగు కాంటా కొక్కేనికి దారం కట్టి గుంజి చూడండి. మొత్తం బిగించి పెడితే ఎంత ఖరీదు గాలమైనా తెగుతది. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, ఎండిన ముడి తంగూసును కోస్తది. ఎండల పడేసిన తంగూసు బలం పోతది, మార్చండి.

తామర, తుంగ, గుర్రపుడెక్క ఉన్న కాడ కొర్రమట్టకు మాత్రం సన్న గాలం వద్దు. అది పట్టంగనే గడ్డిలకు దూరుతది. అక్కడ దారం ఇడవడానికి తావు లేదు, వెంటనే గుంజాలె. గట్టి కట్టె, పది కిలోలకు తక్కువ కాని అల్లిక దారం కావాలె. లేకుంటే ముల్లు మింగిన చేప గడ్డిల చచ్చిపోతది. మీకు దక్కదు, చెరువుకూ మిగలదు.

ఇంకో జాగ్రత్త. వెదురు కాదది, కార్బన్. కరెంటు పాసైతది. చెరువు కట్ట మీద, మోటర్ల కాడ వైర్ల కింద ఆ కట్టె లేపొద్దు. ఉరుము మెరుపుల పూట ఇంట్ల పెట్టండి.

ఆఖరి మాట, అన్నిటికన్న పెద్దది. స్మాల్‌మౌత్ బాస్‌ల మగది గులకరాళ్లల్ల గూడు చేసి గుడ్లకు, పిల్లలకు కావలి కాస్తది. మన కొర్రమట్ట కూడా అంతే. వానలు పడ్డంక నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు మసులుతుంటే కింద తల్లీ తండ్రీ కావలి ఉంటయి. ఆ గుంపు మీద ఎర ఏస్తే పెద్ద చేప ఆకలికి కాదు, కోపానికి కరుస్తది. దాన్ని పట్టుడు సులువు. కాని ఒక్క చేప కూరకొస్తే వందల పిల్లలు కావలి లేక వేరే చేపలకు, కొంగలకు ఆహారమైతయి. 2016లో కొర్రమట్టను రాష్ట్ర చేప అన్నరు. పేరు పెట్టి లాభమేంది, పిల్లల గుంపు మీద గాలం ఆపకుంటే? సన్న గాలంల ఒక మంచి ఉన్నది. చిన్న ముల్లుకు పడ్డ చేపను దెబ్బ తగలకుండ మళ్లీ నీళ్లల్ల ఇడవొచ్చు. చేతులు తడి చేసుకొని పట్టి ఇడవండి.

చాలా చెరువుల చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘాలది. మన బెస్త, ముదిరాజ్ అన్నలకు అది బతుకుదెరువు. గాలం ఏసే ముందు ఒక మాట అడగండి.

మీ ఊరి చెరువుల ఇప్పుడు ఏ చేపలు మిగిలినయి, ఏవి కనపడకుండ పోయినయి, మీ తాతల గాలం ఎట్లుండేది కింద రాయండి. అందరం చదువుకుందాం.