నాజియా, జోహెబ్ హసన్: పాప్ పాటల అక్కాతమ్ముడు

కరాచీలో పుట్టి లండన్‌లో చదువుకున్న నాజియా హసన్ ‘ఖుర్బానీ’ (1980) సినిమాలో ఒక్క పాట పాడారు. అప్పటికి ఆమె వయసు 15 ఏళ్ళే! బెంగళూరులో పుట్టిన బిడ్డు బాణీ కట్టిన ఆ పాటకు 1981లో ఫిలింఫేర్ అవార్డు వచ్చింది. అదే ఏడాది తమ్ముడు జోహెబ్‌తో కలిసి ‘డిస్కో దీవానే’ ఆల్బమ్ తెచ్చారు. సినిమా అండ లేకుండానే ఆ కేసెట్లు ఇటు ఇండియాలో, అటు పాకిస్తాన్‌లో తెగ అమ్ముడుపోయాయి. పాట హిట్టవ్వాలంటే హీరో, హీరోయిన్ ఉండాల్సిందే అన్న లెక్క తప్పింది.

తర్వాత ‘యంగ్ తరంగ్’ (1984), ‘హాట్‌లైన్’ (1987) వచ్చాయి. 1992 నాటి ‘కెమెరా కెమెరా’ ఇద్దరూ కలిసి చేసిన చివరి ఆల్బమ్. లా చదివిన నాజియా ఐక్యరాజ్యసమితిలోనూ పనిచేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2000 ఆగస్టు 13న, 35 ఏళ్ళకే లండన్‌లో కన్నుమూశారు. 2006లో జోహెబ్ ‘కిస్మత్’ ఆల్బమ్ తెచ్చారు, ఈసారి అక్క లేకుండా.