బెంగళూరులో అభ్యర్థి నిర్ణయము - 1969

ఓటరు తన ఓటును వినియోగించుటకు ముందే పార్టీలలో మరియొక ఎన్నిక జరిగిపోవుచుండును. అదియే అభ్యర్థి నిర్ణయము. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున 1891లో ఏర్పడిన రైల్‌రోడ్ కమిషన్ సభ్యత్వమునకు సైతము పార్టీ అభ్యర్థిని ప్రాథమిక ఎన్నికలో రాష్ట్రమందలి ఓటర్లే ఎన్నుకొందురు. పోటీదారులు పెక్కుమందియై ఎవరికిని సగమునకు మించి ఓట్లు రానిచో, మొదటి ఇద్దరి నడుమ మరల పోలింగు జరుగును. మన దేశమున విద్యుత్ నియంత్రణ మండలుల సభ్యులను ప్రభుత్వములే నియమించును. ఎన్నిక జరుగు పదవులకు అభ్యర్థులను సాధారణముగా పార్టీ పెద్దలు నిర్ణయింతురు. ఈ పద్ధతికి గొప్ప పరీక్ష 1969లో బెంగళూరు నగరమున ఆరంభమయ్యెను. అందు ప్రధానులైన పోటీదారు లిద్దరును తెలుగువారే.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించెను. ఉపరాష్ట్రపతి వరాహగిరి వేంకటగిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యెను. బరంపురమున జన్మించిన గిరి 1965 నుండి 1967 వరకు మైసూరు రాష్ట్ర గవర్నరుగా బెంగళూరులోనే నివసించిన వాడు. జూలైలో అఖిల భారత కాంగ్రెసు సంఘము లాల్‌బాగ్ గాజుటింట సమావేశమయ్యెను. ఆ సందర్భమున జూలై 12న పార్లమెంటరీ బోర్డు అభ్యర్థిని ఎన్నుకొనెను. ప్రధానమంత్రి ఇందిరాగాంధి జగజ్జీవనరామును ప్రతిపాదించెను. కామరాజు, మొరార్జీ దేశాయి, ఎస్.కె. పాటిల్, వై.బి. చవాన్ నీలం సంజీవరెడ్డిని బలపరచిరి. నలుగురి మాట నెగ్గెను.

అనంతపురము జిల్లా ఇల్లూరులో జన్మించిన సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్ ప్రథమ ముఖ్యమంత్రి. 1969 నాటికి లోకసభాపతి. పార్టీ నిర్ణయము నెదిరించి గిరి స్వతంత్రముగా పోటీకి నిలిచెను. జూలై 19న పదునాలుగు బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సుపై సంతకము చేసి, మరునాడు పదవిని వీడెను. సంజీవరెడ్డి నామినేషను పత్రముపై సంతకము చేసిన ఇందిరాగాంధియే, అతనికి ఓటు వేయవలెనని విప్ జారీ చేయుటకు సమ్మతింపక, సభ్యులు అంతరాత్మ ననుసరించి ఓటు వేయవచ్చునని ప్రకటించెను. స్వతంత్ర, జనసంఘ పక్షముల రెండవ ప్రాధాన్యపు ఓట్లకై కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప ఆ పక్షముల నాయకులతో మాటలాడుట ఆమె వర్గమునకు ఆయుధమయ్యెను.

ఆగస్టు 16న జరిగిన ఎన్నికలో అభ్యర్థులు 15 మంది. మొదటి ప్రాధాన్యపు ఓట్ల విలువ గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశముఖుకు 1,12,769. గెలుపునకు 4,18,169 కావలసియుండగా ఎవరికిని అది లభింపలేదు. టెక్సాసులో మరల పోలింగు పెట్టి సాధించు దానిని మన రాజ్యాంగము రెండవ ప్రాధాన్యముల లెక్కింపుచేత సాధించును. దేశముఖు ఓట్లలో అధిక భాగము సంజీవరెడ్డికి చేరి అతని మొత్తము 4,05,427 అయ్యెను. గిరికి 4,20,077 లభించెను. అవసరమైన దానికన్న 1,908 మాత్రమే అధికము.

నలుగురు పెద్దలు గదిలో చేసిన నిర్ణయమును ఓటువేయు సభ్యులు మన్నింపవలెనా, తమ వివేకమును వినియోగింపవలెనా అనునదే నాటి ప్రశ్న. పార్టీ మాటకు విలువ లేనిచో పార్టీ నిలువదు. సభ్యుని మనస్సునకు విలువ లేనిచో రహస్య ఓటునకు అర్థము లేదు. ఈ రెంటికిని పొత్తు కుదురనందున నవంబరు 12న ఇందిరాగాంధి బహిష్కృతురాలయ్యెను. కాంగ్రెసు రెండుగా చీలెను.

పోటీదారుల గుంపును తగ్గించుటకు 1974లో చట్టమును సవరించి, ఒక్కొక్క అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులును పదిమంది సమర్థకులును ఉండవలెనని విధించిరి. 1997లో ఆ సంఖ్యను ఏబదికి పెంచిరి. అభ్యర్థిని పార్టీలో ఎవరు ఎన్నుకొనవలెనను విషయమును మాత్రము ఆ సవరణలు స్పృశింపలేదు.

1977లో 37 నామినేషనులలో 36 తిరస్కరింపబడగా సంజీవరెడ్డి ఏకగ్రీవముగా రాష్ట్రపతి అయ్యెను. 1996 జూన్ 1న బెంగళూరులోనే మరణించెను. అతని సమాధి ఈ నగరముననే కలదు. ఒక గవర్నరును కొంతకాలము, ఒక రాష్ట్రపతిని శాశ్వతముగా తనలో నిలుపుకొన్న బెంగళూరు తెలుగువారికి ఆ జూలై నాటి కథ ఇంటి చరిత్ర వంటిది. అభ్యర్థిని ఎన్నుకొను హక్కు ఎందరిది అను ప్రశ్న నేటికిని సమాధానమునకై వేచియున్నది.