వంజంగి మేఘాల కొండ: పాల సముద్రం చూడాలంటే.. ముందు ఘాట్ రోడ్డు సంగతి తెలియాల్సిందే!

చలికాలం వచ్చిందంటే చాలు.. సోషల్ మీడియాలో ఎటు చూసినా వంజంగి వీడియోలే. కొండ అంచున నిలబడితే కాళ్ల కింద తెల్లటి మేఘాలు, వాటి మధ్య నుంచి పైకి వచ్చే ఎర్రటి సూర్యుడు. ఆ ముప్పై సెకన్ల రీల్ చూసి అర్ధరాత్రి బండి తీసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఆ రీల్‌లో కనిపించనిది ఒకటుంది. అదే దారి! చీకట్లో, మంచులో, మలుపుల మీద మలుపులు తిరిగే ఘాట్ రోడ్డు. వంజంగి ఎక్కడుంది? ఎలా వెళ్లాలి? బండి నడిపేవాళ్లు ఏం తెలుసుకోవాలి? వివరంగా చూద్దాం.

ఎక్కడుంది?

అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం పాడేరుకు దగ్గర్లోని ఆదివాసీ గ్రామం వంజంగి. పాడేరు నుంచి పది కిలోమీటర్ల లోపే. విశాఖపట్నం నుంచి పాడేరుకు వంద కిలోమీటర్లు దాటుతుంది. చోడవరం, హల్వాకు పేరున్న మాడుగుల మీదుగా వెళ్తే గరికబంద దాటాక ఘాట్ మొదలవుతుంది. వంట్లమామిడి, మినుములూరు మీదుగా పాడేరు చేరుకోవచ్చు. దారిలో మోదకొండమ్మ పాదాల దగ్గర డ్రైవర్లు బండి ఆపి దండం పెట్టుకుని గానీ ముందుకు కదలరు. అరకు వైపు నుంచి వచ్చేవాళ్లకు 516ఈ జాతీయ రహదారి ఉంది.

పాడేరు నుంచి వంజంగి దారి సన్నగా ఉంటుంది. కొండ మొదట్లో బండ్లు ఆపేసి, అక్కడి నుంచి రాళ్లు తేలిన మట్టి దారిలో రెండు, మూడు కిలోమీటర్లు ఎక్కాలి. వాహనాలను ఎక్కడి దాకా వదులుతారు, ఎంట్రీ, పార్కింగ్ రుసుము ఎంత అన్నది సీజన్‌ను బట్టి మారుతుంది. ముందురోజు పాడేరులోనే కనుక్కోవడం మంచిది.

మేఘాలు కింద ఎందుకుంటాయి?

నిజానికి అక్కడ కనిపించేది మంచు. చలికాలంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడిని త్వరగా కోల్పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి, కొండల మీద నుంచి లోయల్లోకి జారుతుంది. అందులోని తేమ చిన్న చిన్న నీటి బిందువులుగా మారి పొగమంచు అవుతుంది. దాని పైన కాస్త వెచ్చటి గాలి మూతలా పరుచుకుని, మంచును పైకి రానివ్వదు. వెయ్యి మీటర్లకు పైనున్న కొండ మీద నిలబడి చూస్తే అది పాల సముద్రంలా కనిపిస్తుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కే కొద్దీ మంచు విడిపోతుంది.

అందుకే రోజూ ఒకేలా ఉండదు. రాత్రి గాలి బలంగా వీచినా, ఆకాశం మబ్బు పట్టినా లోయ ఖాళీగానే కనిపించొచ్చు. మంచు కొండను కూడా కమ్మేస్తే చుట్టూ తెల్లదనం తప్ప ఇంకేమీ కనబడదు. నవంబరు నుంచి జనవరి దాకా అవకాశం ఎక్కువ. ఈ నెలల్లో సూర్యోదయం ఆరు, ఆరున్నర మధ్య ఉంటుంది.

అసలు ప్రమాదం ఎక్కడ?

2023 ఆగస్టు 20న పాడేరు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి ఇద్దరు చనిపోయారు. 2021 ఫిబ్రవరి 12న అరకు ఘాట్‌లోని డముకు దగ్గర ప్రైవేటు టూరిస్టు బస్సు లోయలోకి దూసుకెళ్లి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. రోజూ బస్సులు, జీపులు తిరిగే రోడ్లే ఇవి. ఇక మైదానంలో తప్ప బండి నడపని వాళ్లు, అదీ నిద్ర లేకుండా, అర్ధరాత్రి దాటాక ఎక్కితే ముప్పు ఎంతుంటుందో ఊహించుకోవచ్చు.

విశాఖ నుంచి రాత్రి రెండింటికి బయల్దేరితే ఘాట్‌కు చేరేసరికి సరిగ్గా నిద్ర ముంచుకొచ్చే వేళ. అదే సమయంలో మంచు కూడా దట్టంగా ఉంటుంది. దీనికి తేలికైన మార్గం ఒక్కటే. ముందురోజు పగటి వెలుగులోనే ఘాట్ ఎక్కి, పాడేరులో రాత్రి ఉండటం. తెల్లవారుజామున ఇక మిగిలేది కొద్ది దూరమే.

ఎక్కేటప్పుడు ఇలా..

* సన్నటి కొండ దారిలో ఎదురెదురుగా బండ్లు వస్తే, దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలి. 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెప్పేదీ ఇదే. ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టం కాబట్టే ఈ రూల్.
* మలుపు దగ్గర హారన్ కొట్టాలి. ఎదుటివాళ్ల హారన్ వినిపించాలంటే పాటల సౌండ్ తగ్గించాలి.
* మంచులో హై బీమ్ వేస్తే వెలుతురు తిరిగి కళ్లలోనే పడుతుంది. లో బీమ్, ఫాగ్ ల్యాంప్స్ చాలు.
* బండి కదులుతుండగా నాలుగు ఇండికేటర్లూ వేయొద్దు. ఏ పక్కకు తిరుగుతున్నారో వెనకవాళ్లకు తెలియదు.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త

చాలామంది ఎక్కడానికి భయపడతారు, దిగడాన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ బ్రేకులకు అసలు పరీక్ష దిగేటప్పుడే. కిలోమీటర్ల కొద్దీ బ్రేక్ నొక్కి పట్టుకుంటే ప్యాడ్లు, డ్రమ్ములు విపరీతంగా వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. వేడి మరీ ఎక్కువైతే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. అప్పుడు పెడల్ నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది.. బండి ఆగదు! కాలిన వాసన వచ్చిందంటే అది హెచ్చరికే. వెడల్పుగా ఉన్న చోట ఆపి చల్లారనివ్వాలి. వేడి మీద నీళ్లు మాత్రం పోయకూడదు.

దీనికి మందు గేరే. ఎక్కడానికి ఏ గేరు వేశారో, దిగడానికీ దాదాపు అదే గేరులో ఉండాలి. అప్పుడు వేగాన్ని ఇంజినే పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ కార్లలో 'ఎల్' గానీ, మాన్యువల్ మోడ్ గానీ వాడాలి. గేర్లు లేని స్కూటర్లకు ఇంజిన్ పట్టు తక్కువ. అందుకే ఇద్దరు ఎక్కి స్కూటర్ మీద ఘాట్ దిగేటప్పుడు మధ్యలో ఆపుతూ రావడమే మేలు.

న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందన్నది పాత నమ్మకం. ఇప్పటి ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధన సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు తాగుతుంది. ఇంజిన్ ఆఫ్ చేసి దిగడం ఇంకా ప్రమాదం. పవర్ స్టీరింగ్ పోతుంది, కాసేపటికి బ్రేక్ పెడల్ కూడా గట్టిపడిపోతుంది.

ఆ దారి టూరిస్టులది మాత్రమే కాదు

సీజన్‌లో శని, ఆదివారాలు వంజంగి దారిలో ట్రాఫిక్ జామ్‌లు మామూలే. ఫొటో కోసం మలుపులో కారు ఆపితే వెనక పది బండ్లు నిలిచిపోతాయి. ఆ పది బండ్లలో ఒకటి 108 అంబులెన్స్ కావొచ్చు. సరైన రోడ్డు లేని కొండ గ్రామాల నుంచి గర్భిణులను ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొచ్చే ఏజెన్సీ ఇది. అక్కడివాళ్లకు రోడ్డు అంటే ప్రాణం. సంతకు, బడికి, ఆసుపత్రికి అన్నింటికీ ఆ ఒక్కటే దారి.

చుట్టూ కనిపించే కాఫీ, మిరియాల తోటలు ఆదివాసీ రైతుల జీవనాధారం. ఫొటోల కోసం తోటల్లోకి దిగడం, ప్లాస్టిక్ సీసాలు పడేయడం చేయొద్దు. తెచ్చిన చెత్త తిరిగి బండిలోనే తీసుకెళ్లాలి.

బయల్దేరే ముందు చూసుకోండి

బ్రేకులు, టైర్లు, లైట్లు, స్టెప్నీ సరిగ్గా ఉన్నాయా? ట్యాంకు నింపారా? స్వెటర్, టార్చిలైటు, మంచినీళ్లు ఉన్నాయా? కొండల్లో సిగ్నల్ అంతంత మాత్రమే కాబట్టి మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకున్నారా? ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో చెప్పారా? అన్నిటికన్నా ముఖ్యంగా, నడిపేవాళ్లు రాత్రి సరిగ్గా నిద్రపోయారా? లేదంటే పాడేరు నుంచి స్థానిక డ్రైవర్ ఉన్న జీపో, ఆటోనో మాట్లాడుకోవడం మంచిది. ఈరోజు ఆలస్యమైతే మేఘాలు రేపూ వస్తాయి. అందుకోసం చీకట్లో ఘాట్ మీద తొందరపడాల్సిన పని లేదు.