ఘాటెక్కిన ఉప్పు, అడ్డాకులో చేప

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ కొండల్లో చేప కాల్చడానికి గిన్నె అక్కర్లేదు. వాగులో దొరికిన చిన్న చేపలు కడిగి, పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లి, మిరపకాయ నూరి పట్టిస్తారు. కాసేపు ఊరాక అడ్డాకుల్లో చుట్టి, నారతో కట్టి నిప్పుల మీద పెడతారు. పుట్టగొడుగులకూ ఇదే పద్ధతి. ఒడియాలో దీన్ని పత్రపొడా అంటారు. ఉత్తరాంధ్ర పెళ్లి భోజనాలకు విస్తళ్లు కూడా ఈ అడ్డాకులతో కుడతారు.

ఆకులో చుట్టకుండా పుల్లకు గుచ్చి కాల్చడం కూడా మన దేశంలో కొత్తదేమీ కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన ‘మానసోల్లాసం’లో మాంసపు ముక్కలను ఊచకు గుచ్చి నిప్పుల మీద కాల్చే వంటకం ఉంది. చేప నీచు పోవడానికి నూనె, ఉప్పు రాసి పసుపునీళ్లతో కడగాలనీ ఉంది. అయితే ఊచకు గట్టి కండ కావాలి. వాగు చేప మెత్తన. వేడి తగలగానే విడిపోయి నిప్పుల్లో రాలుతుంది. ఆకు దాన్ని పట్టి ఉంచుతుంది, తడి ఆరనివ్వదు. కొండ వంటలో ఆకుకు అంత చోటు దక్కడానికి ఉన్న కారణాల్లో అదొకటి.

పసుపు, అల్లం, చింతపండు కొండ మీదే దొరికేవి. మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లతో ఈ దేశానికి వచ్చి, తర్వాత ఊరూరికీ పాకింది. ఉప్పు మాత్రం ఎప్పుడూ సముద్రం నుంచే రావాలి.

ఆ ఉప్పును మోసినవాళ్లు సంచార వర్తకులైన బ్రింజారీలు. జయపురం, బస్తరు ధాన్యాన్ని ఎడ్ల మీద కొండల కింది సాలూరుకు దించి, తిరుగు ప్రయాణంలో ఉప్పు పెరికెలతో ఘాటు (కొండదారి) ఎక్కేవారు. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. అప్పటినుంచి దాని ధరలో దారి ఖర్చుతో పాటు సర్కారు వాటా కూడా చేరింది. అప్పట్లో కొండ మీది మనిషి చేపకు రాసే చిటికెడు ఉప్పు వెనుక ఇంత ఉండేది. తీరం నుంచి వచ్చే ఎండు చేపలకు సంతల్లో అంత గిరాకీ ఉండటానికీ ఇదొక కారణం: కూరకు రుచి, ఉప్పు రెండూ వాటితోనే అందేవి.

1931 నాటికి విజయనగరం–రాయపూర్ రైలు మార్గం రాయగడ మీదుగా పూర్తయింది. ఎడ్ల బారులు చేసే పని గూడ్సు బండ్లకు మళ్లింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఈ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోవే. సరిహద్దు మారినా సరుకు దారి మారలేదు. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి విడిపోయి జిల్లాగా మారిన రాయగడలో నేటికీ తెలుగు బాగా వినిపిస్తుంది.

ఇప్పుడు ఆంధ్ర చెరువుల్లో పెంచిన రోహు, కట్ల ఐసు పెట్టెల్లో ఒడిశా బజార్లకు వెళ్తున్నాయి. పెద్ద చేపల దళసరి ముక్కలు ఊచకు నిలుస్తాయి. పెరుగు, మసాలా పట్టించి, ఉల్లిపాయ, కాప్సికం ముక్కల మధ్య గుచ్చి బొగ్గుల మీద కాల్చడానికి వీలైనవి అవే. వాగు చేపకు మాత్రం ఇంకా అడ్డాకే కావాలి. ఆ తీగ పెరిగేది అడవిలో. అడవి మీద బతికేవాళ్లకు ఇలాంటి ఆకులు కోసుకుని, అమ్ముకునే హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. ఈ వంట ముందుకు సాగడం ఆ హక్కు ఊరూరా అమలు కావడం మీద ఆధారపడి ఉంది.