మాండలిన్ మనదైపోయింది

మిరపకాయ లేని ఆవకాయను ఊహించగలరా? అదేమో పోర్చుగీసువాళ్ళ ఓడల్లో దిగిన పరాయి సరుకు! వయొలిన్ సంగతీ అంతే. రెండు వందల ఏళ్ల కిందట బాలుస్వామి దీక్షితులవారు దాన్ని కర్ణాటక సంగీతానికి మచ్చిక చేశారు. ఇప్పుడది లేని పాటకచ్చేరీ బోసిగా ఉంటుంది. ఇటలీ నుంచి వచ్చిన మాండలిన్‌కు మాత్రం తరాలు పట్టలేదు. ఒక్క పిల్లవాడి బాల్యం చాలింది.

ఆ పిల్లవాడు మా గోదావరివాడే. మా ఆత్రేయపురం నుంచి వశిష్ఠ దాటి కిందికి వెళ్తే పాలకొల్లు. అక్కడ 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు ఉప్పలపు శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను ఆరేళ్లకే చేతిలోకి తీసుకున్నాడు. సినిమా పాటల్లో గలగలమనడమే దాని పని అనుకునే రోజులవి. తండ్రి తన గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికే కొడుకునూ అప్పగించారు. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. తమాషా ఏమిటంటే, ఆయనకు మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. వేళ్లకు చూపించేవాళ్లు లేరు కనుక అతను గొంతునే అనుసరించాడు. అదే అతనికి వరమైందని నాకనిపిస్తుంది.

కానీ చిక్కొకటి ఉంది. పూతరేకులు చేసేటప్పుడు చూశారా? వేడి కుండ మీద పిండిగుడ్డ అలా వేసి ఇలా లాగేసరికి రేకు ఆరిపోతుంది. మీటిన మాండలిన్ నాదమూ అంతే, పుట్టీ పుట్టగానే ఆరిపోతుంది. మన రాగానికి గమకం ప్రాణం కదా! స్వరం కాసేపైనా నిలవకపోతే దాన్ని ఊపేదెలా? మామూలు మాండలిన్‌కు జంటజంటగా ఎనిమిది తీగలుంటాయి. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, మంద్రానికి మరొకటి చేర్చి అయిదు చేశాడు, కరెంటు మాండలిన్ పట్టాడు. దాంతో నాదం నిలిచింది, తీగ లాగితే సాగింది. మా ఇంట్లో ఆయన క్యాసెట్ పెడితే మా అత్తగారు, "వీణ ఎవరే వాయిస్తున్నది?" అని అడిగేవారు. అంతకన్న మెప్పేముంటుంది చెప్పండి!

1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచ్చేరీ, అప్పటికి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు డిసెంబరు కచ్చేరీలకు ఎక్కాడు. "కరెంటు వాద్యం మీద కీర్తనలేమిటీ?" అని మొదట్లో పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. పిల్లవాడు ఎవరితోనూ వాదించలేదు, వాయించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లాడు. 1995లో కెనడా గిటారిస్టు, రికార్డుల నిర్మాత మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బమ్ చేశాడు. ఆ తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల 'రిమెంబర్ శక్తి' బృందంలో దేశదేశాలు తిరిగాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. ఎంత దూరం వెళ్లినా త్యాగయ్యగారి కీర్తనలను వదల్లేదు. పడమటి వాద్యాలవాళ్ల పక్కన కూర్చున్నా అతని తీగ తెలుగింటి పిల్లలాగే మాట్లాడేది.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు. తమ్ముడు రాజేష్ ఆ వాద్యాన్నే పట్టాడు. మన సినిమాల దేవిశ్రీ ప్రసాద్ కూడా ఆయన శిష్యుడే.

ఈ రోజుల్లో పిల్లలు కీబోర్డో, కంప్యూటరులో పాటలు కట్టే యంత్రమో కొనిపెట్టమంటే మనకు బెంగ. సంగీతం చెడిపోతుందేమోనని! కొనిపెట్టండి, ఫరవాలేదు. కాకపోతే దాంతోపాటు పక్కన కూర్చుని పాడేవాళ్లను ఒకరిని చూడండి. పరాయి వాద్యానికి మన మాట నేర్పేది ఆ గొంతే.